కలుపుగోలుతనంలో ఆరు పాళ్ళు: మీకు తగ్గిందేదో పట్టుకుని మూడు వారాల్లో సరిచేసుకోవడం ఎలా

"అక్కా, నాకు నలుగురితో కలవడం రాదు. ఏం చేయాలి?" బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో పనిచేస్తున్న ఈ పద్నాలుగేళ్ళలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. కడప నుంచి వచ్చినవాళ్ళు అడిగారు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు అడిగారు, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలూ అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పిందంతా ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను.

"ఒంట్లో బాగాలేదు" అంటే డాక్టరు వెంటనే మందు రాయడు. ఎక్కడ, ఎప్పటినుంచి అని అడుగుతాడు. "కలవడం రాదు" అన్నా అంతే. కలుపుగోలుతనంలో ఏ పాలు, అంటే ఏ భాగం, తగ్గిందో తేలాకే సాధన మొదలవ్వాలి. నోట్లో నాలుక లేని మనిషికీ, నోరు జారే మనిషికీ ఒకే సలహా ఇవ్వడం వల్లే చాలామంది నాలుగు రోజులు ప్రయత్నించి వదిలేస్తున్నారు.

## 1. మొదలుపెట్టే ముందు

కావలసినవి ఇవి:

- జేబులో పట్టే చిన్న నోటుబుక్కు. ఫోనులో రాయొద్దు, ఫోను తీస్తే చెయ్యి వాట్సాప్ మీదకే పోతుంది.
- మూడు వారాల సమయం. అప్రైజల్ వారం, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్న వారం వద్దు.
- రోజూ తప్పకుండా జరిగే మూడు సందర్భాలు. ఉదాహరణకు పొద్దున స్టాండప్ మీటింగు (టీం అంతా కాసేపు చేరి ఎవరి పని ఎంతవరకొచ్చిందో చెప్పుకునేది), పీజీలో రాత్రి భోజనం, ఇంటికి చేసే ఫోను.
- మీతో నిజం చెప్పగలిగిన ముగ్గురు: ఇంటి మనిషి ఒకరు, ఆఫీసు మనిషి ఒకరు, స్నేహితులు ఒకరు.

ఒక హెచ్చరిక. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, మనుషులుంటారని లిఫ్టు ఎక్కడానికే గుండె దడ పుడుతున్నా, ఈ నోటుబుక్కు పని పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ. భాష ఎంచుకోవచ్చు, తెలుగు ఉంది. మన బెంగళూరు హోసూరు రోడ్డులో ఉన్న మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ దానికి ప్రధాన కేంద్రం. జ్వరం వస్తే ఆసుపత్రికి వెళ్ళినట్టే ఇదీ. నామోషీ పడాల్సిన పనిలేదు.

## 2. ఆరు పాళ్ళు ఏవో తెలుసుకోండి

మనుషులతో మెలిగే నేర్పును 1980లలో రొనాల్డ్ రిజియో అనే అమెరికా మనస్తత్వవేత్త ఆరుగా విడదీశాడు. మనసు వైపు మూడు, మాట వైపు మూడు. నేను వాడే తెలుగు పేర్లు ఇవి:

1. తెలపడం: లోపల ఉన్నది ముఖంలో, గొంతులో, మాటలో ఎదుటివాళ్ళకు అందేలా బయటపెట్టడం.
2. కనిపెట్టడం: ఎదుటి మనిషి చెప్పకపోయినా మనసులో ఉన్నది పసిగట్టడం.
3. అదుపు: లోపల పొంగుతున్నదాన్ని ఆ క్షణానికి పట్టి ఉంచడం.
4. మాట కలపడం: కొత్తవాళ్ళతో మాట మొదలుపెట్టడం, దాన్ని సాగించడం.
5. సందర్భం ఎరగడం: ఎక్కడ ఏది అనొచ్చో, ఏది అనకూడదో తెలియడం. ఎవరేమనుకుంటారో అన్న ఎరుక.
6. నిలదొక్కుకోవడం: నలుగురిలో తడబడకుండా తన మాట తాను చెప్పగలగడం, అవసరమైతే "కుదరదు" అనగలగడం.

ఒకటి బాగుంటే మిగతా అయిదూ బాగుంటాయని లేదు. నాకు తెలిసిన ఒకాయన మారతహళ్ళిలో ప్రతి ఆటో డ్రైవరుతోనూ కన్నడలో కబుర్లు చెప్తాడు. నాలుగోది ఆయనకు నిండుగా ఉంది. ఇంటికొచ్చాక మాత్రం భార్య ముఖం వాడిపోయి రెండు రోజులైనా గమనించడు. అందరూ ఆయన్ని "భలే కలుపుగోలు మనిషి" అంటారు. ఆవిడ ఏమంటుందో ఎవరూ అడగలేదు.

ఏ పాలైనా ఎక్కువైనా చెడే. అదుపు మరీ ఎక్కువైనవాళ్ళను చూసి "ముభావం మనిషి" అంటారు. అయిదోది పొంగిపొర్లి, ఆరోది అడుగంటితే వచ్చేదే మన మొహమాటం. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో బాగా తెలుసు, నోరు తెరిచి కాదనడం మాత్రం రాదు. మొహమాటం పడేవాళ్ళకు "ఇంకా సున్నితంగా ఉండు" అని చెప్పడం ఎంత తప్పో ఇక్కడే తెలుస్తుంది. వాళ్ళకు కావలసింది ఆరోది.

## 3. మొదటి వారం: రాయడం ఒక్కటే

ఈ ఏడు రోజులూ ఏదీ మార్చొద్దు. మూడు సందర్భాలు ముగియగానే, ప్రతిదానికీ నాలుగైదు ముక్కలు రాయండి:

- ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో
- వాళ్ళన్న మాట, అన్నది అన్నట్టుగా
- మీ ఒంట్లో ఏం జరిగింది
- మీరన్నది, అనకుండా మింగింది
- దానికి సరైన పేరు

ఒక అబ్బాయి అనుమతితో అతని పుస్తకంలోంచి:

"మంగళవారం 9.40, స్టాండప్. మేనేజరు 'ఎందుకు లేటయింది' అన్నాడు. చెవులు వేడెక్కాయి, నాలుక తడారింది. 'అయిపోతుంది' అన్నాను. టెస్టింగ్ వాళ్ళు డేటా ఇవ్వలేదన్నది చెప్పలేదు. ఉక్రోషం."

ఆ చివరి మాట చూడండి. మొదటి రెండు రోజులూ అతను "కోపం" అనే రాశాడు. మూడో రోజు నేనడిగాను: "కోపమైతే అరవాలనిపించాలి కదా, నీకేమనిపించింది?" కాసేపు ఆలోచించి "ఏడుపొచ్చింది అక్కా" అన్నాడు. తప్పు మనది కానప్పుడు, అది చెప్పలేనప్పుడు ఏడుపుతో కలిసి వచ్చే కోపం ఉక్రోషం. పేరు మారగానే చేయాల్సింది కూడా మారింది. అతనికి అదుపు సాధన అక్కర్లేదు, ఆరోది కావాలి.

మన భాషలో ఇలాంటి మాటలకు కరువు లేదు. దగ్గరివాళ్ళ మీద మాటలు తగ్గించుకుంటే కినుక. బతిమాలించుకోవాలని ఉంటే అలక. చిన్న చిన్నవి పోగైతే చిరాకు. నలుగురిలో తక్కువైపోయానని ముడుచుకుంటే చిన్నతనం. మనిషి దూరమైనందుకు బెంగ, రాబోయేదాని గురించి గుబులు. బెంగకు ఇంటికి ఫోన్ చేస్తే తగ్గుతుంది, గుబులుకు తగ్గదు. పేరు పెట్టడంలోనే కొంత ఉపశమనం ఉంది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కాన్‌లతో చేసిన పరిశోధనలో, బొమ్మలోని ముఖంలో కనబడే భావానికి పేరు పెట్టినప్పుడు భయం, ఆందోళన లాంటివాటికి స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగం జోరు తగ్గింది.

## 4. ఎనిమిదో రోజు: మార్కులు వేసుకోండి, వేయించుకోండి

ఆరింటికీ పదికి ఎన్నో మీరే వేసుకోండి. పుస్తకం మూసి ఆ ముగ్గురితోనూ ఆరింటికీ మార్కులు వేయించుకోండి, మాటల్లోనూ అడగండి. "నేనెలాంటి మనిషిని?" అని అడిగితే "నీకేం, బంగారం" అంటారు. ఇలా అడగండి:

- నేను బాధలో ఉన్నానని నీకెలా తెలుస్తుంది? అసలు తెలుస్తుందా?
- నీకు బాగాలేని రోజు నేను గమనించానా? ఆఖరుసారి ఎప్పుడు?
- నాతో చెప్పడానికి వెనకాడిన విషయం ఏదైనా ఉందా?
- నేను కాదనాల్సింది అనలేకపోయిన సందర్భం నీకు గుర్తుందా?

జవాబు వింటున్నప్పుడు సంజాయిషీ ఇవ్వకండి. "అది కాదు, ఆ రోజు ఏమైందంటే" అని మొదలుపెట్టారంటే, వాళ్ళు ఇంకెప్పుడూ నిజం చెప్పరు.

కనిపెట్టడంలో నాకు నేను ఎనిమిది వేసుకున్నాను. ఆ ఏడాదే మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి పని ఒకటి బెడిసింది. ప్యాంట్రీలో ఎదురై "ఏమైందమ్మా?" అన్నాను. తను స్టీలు డబ్బా మూతను బల్ల మీద మెల్లగా తిప్పుతూ, దాన్నే చూస్తూ "ఏం లేదక్కా" అంది. డబ్బాలో పెరుగన్నం అలాగే ఉంది, మీద మాగాయ ముక్క కూడా కదల్లేదు. నేను "సరే" అని కాఫీ పట్టుకుని వెళ్ళిపోయాను. మరుసటి వారం టీం మార్చమని అడిగింది. అప్పుడడిగితే చెప్పింది: "ఆ రోజు మీరింకొక్కసారి అడిగుంటే చెప్పేదాన్నక్కా." తినని అన్నం నా కళ్ళ ముందే ఉంది. చూశాను, పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి నా పుస్తకంలో రెండోదానికి నాలుగే.

## 5. ఒక్కటే ఎంచుకోండి

ఆరూ ఒకేసారి దిద్దుకోవాలని చూడకండి. ఎంపికలో నేను పాటించే వరస ఇది:

- మాట తూలి మనుషుల్ని బాధపెడుతున్నారా? ముందు అదుపు. మిగతావన్నీ దాని తర్వాతే.
- మీ అంకెకూ ఆ ముగ్గురి అంకెకూ ఎక్కువ తేడా ఎక్కడొచ్చింది? రెండో ప్రాధాన్యం దానికి.
- తేడా లేకపోతే, అన్నిటికంటే తక్కువ మార్కులు వచ్చింది.

ఎంచుకున్నదాన్ని ఒక్క సందర్భానికే కట్టండి. "ఇకనుంచి అందరితో బాగా మాట్లాడతాను" అన్నది గాల్లో మాట. "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే అనుకున్నవాళ్ళు అనుకున్నది ఎక్కువగా చేస్తారని పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపించాయి. ఆ అబ్బాయి రాసుకున్నది: "మేనేజరు 'ఎందుకు లేటు' అంటే, ఒక గుక్క నీళ్ళు తాగి, 'కారణం చెప్తాను' అని మొదలుపెడతాను." అంతే. రెండు వారాలకు అదొక్కటే.

## 6. ఏ పాలుకు ఏ సాధన

తెలపడం తక్కువైతే. రోజుకు ఒక వాక్యం: అనిపించింది, దాని కారణం. "నువ్వు నాకోసం అన్నం పక్కన పెట్టావు చూడు, చాలా సంతోషమేసింది." మొదట్లో ముఖం సహకరించదు. ముఖం సంగతి వదిలేసి మాట చెప్పండి.

కనిపెట్టడం తక్కువైతే. దీని దగ్గర కాస్త ఆగాలి. "వాళ్ళ స్థానంలో ఉండి ఆలోచించు" అన్న సలహా అందరూ ఇస్తారు. 2018లో టాల్ ఎయల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ ఇరవై అయిదు ప్రయోగాలు చేసి చూస్తే, అలా ఊహించుకోవడం వల్ల ఎదుటివాళ్ళ మనసు మరింత సరిగ్గా తెలిసిన దాఖలా కనబడలేదు. అడిగి తెలుసుకుంటే తెలిసింది. కాబట్టి ఊహ తగ్గించి, అడగడం పెంచండి. అడిగే తీరు ఇది:

- ముందు కంటికి కనబడింది చెప్పండి: "అన్నం ముట్టుకోలేదు."
- తర్వాత మీ అనుమానం, అనుమానంగానే: "పొద్దున మీటింగు గురించేమో అనిపించింది."
- తర్వాత తలుపు తెరవండి: "అవునా, నేనే పొరబడ్డానా?"
- "ఏం లేదు" అంటే వదలండి, పూర్తిగా కాదు: "సరే. సాయంత్రం ఇంకోసారి అడుగుతాను." అన్నట్టుగానే సాయంత్రం అడగండి.

ఇంకొకటి, గొంతు వినండి. 2017లో మైఖేల్ క్రౌస్ ప్రచురించిన ప్రయోగాల్లో, ముఖమూ గొంతూ రెండూ అందినవాళ్ళకంటే గొంతు మాత్రమే విన్నవాళ్ళే ఎదుటివాళ్ళ మనసును సరిగ్గా పట్టుకున్నారు. ఇంటికి వారానికి రెండుసార్లు వీడియో మానేసి మామూలు కాల్ చేయండి. మొదటి నిమిషం మీరేం చెప్పకండి. అమ్మ "తిన్నావా" అన్న తీరులోనే ఆ రోజు ఆవిడకెలా గడిచిందో తెలుస్తుంది.

అదుపు తక్కువైతే. పళ్ళు బిగబట్టి ముఖాన్ని రాయి చేసుకోవడం అదుపనుకుంటారు. అలా భావాన్ని నొక్కిపెట్టినవాళ్ళకు ఆ సమయంలో విన్న మాటలు సరిగ్గా గుర్తుండవని జేన్ రిచర్డ్స్, జేమ్స్ గ్రాస్ 2000లో చూపించారు. శక్తంతా ముఖం కాయడానికే పోతుంది. పొంగాక మూత పెట్టడం కంటే పొంగకముందే మంట తగ్గించడం నయం. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుని ఇంట్లో అడుగుపెడుతున్నారా? లోపలికి వెళ్ళేముందు మెట్ల మీద రెండు నిమిషాలు కూర్చోండి. వెళ్ళగానే "నాకు చిరాగ్గా ఉంది, నీ మీద కాదు. పది నిమిషాలివ్వు" అని చెప్పండి.

మాట కలపడం తక్కువైతే. కొత్త విషయాల కోసం వెతకకండి, వాళ్ళు చెప్పినదాని మీదే ఇంకో ప్రశ్న వేయండి. ఇలాంటి కొనసాగింపు ప్రశ్నలు వేసేవాళ్ళు ఎదుటివాళ్ళకు ఎక్కువ నచ్చుతారని హార్వర్డ్‌లో కరెన్ హువాంగ్ తదితరులు 2017లో తేల్చారు. పీజీలో వంటామెతో మొదలుపెట్టండి:

"చారు ఇవాళ వేరేగా ఉంది ఆంటీ."
"ఉలవచారు నాయనా, మా ఊరి పద్ధతి."
"మీ ఊళ్ళో ఎలా కాస్తారు?"

మూడో వాక్యమే ముఖ్యం. దాని తర్వాత ఆవిడే చెప్తుంది. వరసగా నాలుగు ప్రశ్నలు వేస్తే పోలీసు విచారణలా ఉంటుంది కాబట్టి, రెండిటికొకసారి మీ సంగతొకటి చెప్పండి.

సందర్భం ఎరగడం తక్కువైతే. ఏ గదిలోకి వెళ్ళినా మొదటి రెండు నిమిషాలు చూడటమే. ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారు, జీతాలు, కులం, పెళ్ళి గురించి ఎవరైనా మాట్లాడుతున్నారా? లేకపోతే మీరు మొదలుపెట్టకండి.

నిలదొక్కుకోవడం తక్కువైతే. మాటల మధ్య సందు ఎంత చిన్నదో తెలిస్తే మీ మీద మీకు కోపం తగ్గుతుంది. పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామాన్ని కొలిచిన 2009 నాటి పరిశోధనలో అది సగటున సెకనులో అయిదోవంతు. వాక్యమంతా మనసులో పేర్చుకుని, ఇంగ్లీషు సరిచూసుకుని నోరు తెరిచేసరికి ఆ సందు పోతుంది. వీడియో కాల్‌లో నెట్ ఆలస్యం దీనికి తోడు. అందుకని ముందు చోటు పట్టుకోండి, తర్వాత వాక్యం కట్టుకోండి: పేరు పిలిచి "ఒక్క మాట" అనండి. అందరూ ఆగుతారు.

కాదనడానికి కూడా మాట సిద్ధంగా పెట్టుకోవాలి. రూమ్మేటు అప్పు అడిగితే: "ఈ నెల ఇవ్వలేనన్నా. ఇంటికి పంపాలి." అబద్ధం కల్పించకండి, మూడో వాక్యం జోడించకండి. మూడో వాక్యంలోనే మొహమాటం వచ్చి "సరే, సగం ఇస్తాలే" అనిపిస్తుంది.

## 7. ఎదుటివాళ్ళ పాళ్ళు కూడా చూడండి

బెంగళూరులో ఇన్ని ఊళ్ళ తెలుగు ఒకే భోజనాల బల్ల దగ్గర కలుస్తుంది. అనంతపురం పిల్లవాడు వయసులో పెద్దాయన్ని "నువ్వెప్పుడొచ్చినావన్నా?" అంటాడు, అందులో ఉన్నది చనువు. భీమవరం ఆయన అది విని చిన్నబుచ్చుకుంటాడు. ఆయన "అండీ, అండీ" అంటుంటే పిల్లవాడికి దూరం పెడుతున్నట్టనిపిస్తుంది. ఇద్దరిలోనూ లోపం లేదు. పలకరింపులోని "నువ్వు", "మీరు" చూసి మనిషి మనసును కొలవకండి. మొదటి వారం మీరు "మీరు"తోనే ఉండి, వాళ్ళు చనువిచ్చాక మారండి.

కన్నడవాళ్ళు "ఊట ఆయ్తా?" అంటే మీ భోజనం లెక్క అడగడం లేదు, పలకరిస్తున్నారు. "ఆయ్తు, నిమ్దు?" అని నవ్వితే చాలు.

కళ్ళలోకి చూడని, కబుర్లు నచ్చని, చెప్పింది చెప్పినట్టే అర్థం చేసుకునే సహోద్యోగి ఉంటే "పెడసరం" అని ముద్ర వేయకండి. ఆటిజం ఉన్నవాళ్ళు మనల్ని అర్థం చేసుకోలేకపోవడం ఎంతో, మనం వాళ్ళను అర్థం చేసుకోలేకపోవడమూ అంతేనని, స్వయంగా ఆటిజం ఉన్న పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో రాశాడు. అలాంటివాళ్ళకు సూచనలు వద్దు, సూటి మాటలు చెప్పండి. "వీలైతే చూడు" అనేబదులు "గురువారం నాలుగింటికల్లా కావాలి" అనండి. నిజానికి అది అందరికీ మేలే.

## 8. తరచూ జరిగే పొరపాట్లు

- రాత్రి పడుకుని నెమరేసుకోవడం: "అలా అన్నానేంటి, ఏమనుకున్నారో." ఎదుటివాళ్ళకు మనం నచ్చినదానికంటే తక్కువ నచ్చామని మనం అనుకుంటామని 2018లో ఎరికా బూత్‌బీ, సహ పరిశోధకులు చూపించారు. పుస్తకంలో ఒక్కసారి రాసి మూసేయండి.
- మాటకారిని అనుకరించడం: అతని ఆరు పాళ్ళు వేరు. అతని జోకు మీ నోట్లో పండదు. మీకు కావలసిన ఒక్క మాట మాత్రం తీసుకోండి.
- ముక్కుసూటితనం పేరుతో గాయపరచడం: "నేను ఉన్నదున్నట్టు చెప్తాను" అనేవాళ్ళకు తగ్గింది అదుపో, అయిదోదో. ఆ ముగ్గురినీ మళ్ళీ అడగండి.
- పెద్ద సభలో మొదలుపెట్టడం: టౌన్‌హాల్ మీటింగులో తొలిసారి నోరు తెరవాలనుకోకండి. ఇద్దరి మధ్య, తర్వాత నలుగురిలో, ఆ తర్వాతే నలభైమందిలో.
- మూడు రోజులకే వదిలేయడం: తప్పిపోయిన రోజు దగ్గర "తప్పింది" అని రాసి, మర్నాడు అదే సందర్భంలో అదే మాట చెప్పండి.

## 9. మాట బెడిసినప్పుడు

సాధన మధ్యలో తప్పకుండా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. అప్పుడు చేయాల్సిన వరస:

1. అదే రోజు, లేదంటే మర్నాడు పొద్దున. వారమైతే అది గుర్రుగా మారుతుంది.
2. మెసేజ్ వద్దు. ఎదురుగా, అది కుదరకపోతే ఫోను.
3. మీరన్న మాటను మళ్ళీ చెప్పండి: "నిన్న అందరి ముందూ 'నీకిది రాదు' అన్నాను."
4. "నువ్వు బాధపడి ఉంటే సారీ" అనకండి. అందులో తప్పంతా వాళ్ళ బాధదే అవుతుంది. "అలా అనడం తప్పు" అని ఆపండి.
5. వాళ్ళు మాట్లాడేదాకా ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని నింపకండి.

టీం మారిపోయిన ఆ అమ్మాయి దగ్గరకు నేను వెళ్ళింది ఆలస్యంగానే. "ఆ రోజు నీ డబ్బా చూసి కూడా వెళ్ళిపోయాను. తప్పు చేశాను" అన్నాను. తను చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "రేపు మీతో తింటానక్కా" అంది.